యుద్ధం నుంచి వచ్చినవాడికి మనం ఏం బాకీ?

మనం పంచశీల తీసుకున్నవాళ్ళం. ప్రాణం తీయననేది అందులో మొదటి మాట. ప్రాణం తీయడానికి శిక్షణ పొంది, ఆ పనిలోనే పదిహేను ఇరవై ఏళ్ళు గడిపి ఇంటికి వచ్చిన మనిషిని మనం గౌరవించవచ్చునా? గౌరవిస్తే శీలానికి భంగమా? గౌరవించకపోతే కృతఘ్నతా? మా ధమ్మ తరగతుల్లో ఈ ప్రశ్న ఏటా జనవరిలోనే వస్తుంది. అప్పటికి కుర్రవాళ్ళు ఒకటో తేదీన భీమా కోరేగావ్ వెళ్ళి స్తంభానికి వందనం చేసి వచ్చి ఉంటారు. ఒక చేత్తో బుద్ధుడి బొమ్మ, ఇంకో చేత్తో సిపాయిల స్తంభం ఎలా పట్టుకుంటామని వాళ్ళు సూటిగా అడుగుతారు. పెద్దవాళ్ళం మనం మాట దాటేస్తుంటాం. దాటేయదగ్గ ప్రశ్న కాదిది.

అంబేద్కరిస్టులకు సైన్యం పరాయిది కాదు. బాబాసాహెబ్ 1891 ఏప్రిల్ 14న పుట్టింది మవూ సైనిక కంటోన్మెంటులో. తండ్రి రామ్‌జీ సుబేదారు, సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు. ఊరి బడి గుమ్మం ఎక్కనివ్వని రోజుల్లో సిపాయిల పిల్లలకు కంటోన్మెంటులో చదువు దొరికింది. మన తొలి చదువరుల్లో, తొలి అర్జీ రాసినవాళ్ళలో చాలామంది మాజీ సిపాయిలే. గోపాల్ బాబా వలంగ్‌కర్ కూడా సైన్యం నుంచి రిటైరయ్యాకే 1888లో అంటరానితనం మీద పుస్తకం వేశాడు. 1890లలో మహర్లను సైన్యంలో చేర్చుకోవడం మానేసినప్పుడు అర్జీ తయారు చేసినవాడూ ఆయనే. ఆ తర్వాత శివరాం జాన్బా కాంబ్లే అదే విషయం మీద పోరాడాడు.

ఆ నిషేధం సంగతి కొంచెం ఆగి చూడాలి. 1818 జనవరి 1న కోరేగావ్ దగ్గర కెప్టెన్ స్టాంటన్ కింద పోరాడిన బొంబాయి పటాలంలో మహర్లు గణనీయంగా ఉన్నారు. వాళ్ళ పక్కనే రెండు ఫిరంగులతో మద్రాసు ఫిరంగి దళం వాళ్ళూ ఉన్నారు. స్తంభం మీద చెక్కిన 49 పేర్లలో 22 మహర్లవి. ఆ స్తంభం నిలబెట్టిన ప్రభుత్వమే డెబ్బై ఏళ్ళు తిరిగేసరికి ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం పట్టుకొచ్చింది. మీ జాతి యుద్ధానికి పనికిరాదని అదే మనుషుల మనవళ్ళకు తలుపు మూసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు కావలసి వచ్చి 111వ మహర్ పటాలాన్ని లేపారు, యుద్ధం అయిపోయాక రద్దు చేశారు. రెండో యుద్ధం వచ్చింది, మళ్ళీ మనుషులు కావాలి. 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడింది. దాని వెనుక బాబాసాహెబ్ పట్టుదల ఉంది. రాతి మీద పేర్లు చెక్కడం, బతికున్న మనుషుల్ని తోసేయడం: ఈ రెండూ ఒకే ప్రభుత్వం ఒకే చేత్తో చేయగలదని ఈ చరిత్ర చూపిస్తుంది. స్తంభం ఉందంటే గౌరవం ఉన్నట్టే అనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ధమ్మం ఏమంటుందో చూద్దాం. సంయుత్త నికాయంలో యోధాజీవ సుత్తం ఉంది. ఒక సైనిక నాయకుడు భగవానుడి దగ్గరకు వస్తాడు. యుద్ధంలో పోరాడుతూ చచ్చినవాడు స్వర్గానికి పోతాడని మా పూర్వపు గురువులు చెప్పారు, మీరేమంటారని అడుగుతాడు. భగవానుడు రెండుసార్లు ఆ ప్రశ్న అడగవద్దంటాడు. మూడోసారి అడిగాక దాచకుండా చెబుతాడు: ఎదుటివాళ్ళు చావాలి, నాశనం కావాలి అని మనసు కిందికి జారి ఉన్నప్పుడు చచ్చినవాడికి స్వర్గం లేదు, ఉన్నది నరకమే. ఆ నాయకుడు ఏడుస్తాడు. ఇందుకే అడగవద్దన్నానని భగవానుడు అంటే, మీరు చెప్పినదానికి కాదు, ఇన్నాళ్ళూ ఆ గురువులు నన్ను మోసం చేసినందుకు ఏడుస్తున్నానని అంటాడు. తర్వాత శరణు తీసుకుంటాడు.

ఈ సుత్తాన్ని సైనికుల్ని నిందించడానికి వాడే మిత్రులు కొందరు ఉన్నారు. మాకు అది అలా వినిపించదు. అందులో తప్పుపట్టింది ఎవరిని? యుద్ధంలో చావు స్వర్గానికి దారి అని చెప్పి పంపినవాళ్ళను. సైనికుణ్ణి భగవానుడు పొమ్మనలేదు. పొగడనూ లేదు. అడిగినదానికి నిజం చెప్పాడు, ఏడిస్తే విన్నాడు, శరణు ఇచ్చాడు. రిటైరైన సైనికుడితో బౌద్ధుడు ఎలా మసలుకోవాలో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

వినయ పిటకంలో ఇంకో సంగతి ఉంది. బింబిసారుడి సరిహద్దుల్లో అలజడి రేగినప్పుడు కొందరు భటులు యుద్ధానికి పోవడం ఇష్టంలేక సంఘంలో చేరిపోయారు. రాజు వచ్చి మొరపెట్టుకుంటే, కొలువులో ఉన్న రాజభటుడికి ప్రవ్రజ్య ఇవ్వరాదని నియమం పెట్టారు. నేటికీ ఉపసంపద ఇచ్చేటప్పుడు ‘రాజభటుడివి కావు కదా’ అని అడుగుతారు. ఇది రాజుకు లొంగడమేనని కొందరంటారు, ఆ మాటలో కొంత నిజం ఉండవచ్చు. కానీ నియమం ఆపింది కొలువులో ఉన్నవాణ్ణి. కొలువు ముగిసినవాడికి అడ్డు లేదు. ఆ గుమ్మం దగ్గర అతన్ని ఎవరు పలకరిస్తున్నారన్నదే ఇప్పటి ప్రశ్న.

గౌరవించడం పేరుతో అబద్ధం చెప్పే ప్రమాదం బౌద్ధ దేశాల్లోనూ ఉంది. సింహళ మహావంశంలో దుట్ఠగామణి రాజు యుద్ధం గెలిచాక లక్షల మందిని చంపించానే అని నిద్రపట్టక బాధపడతాడు. అరహంతులు వచ్చి ఓదారుస్తారు. చచ్చినవాళ్ళలో ఒకడే త్రిశరణాలు తీసుకున్నవాడట, ఇంకొకడు పంచశీల తీసుకున్నవాడట. కాబట్టి నువ్వు చంపింది ఒకటిన్నర మనుషుల్నేనని లెక్క చెబుతారు. మిగిలినవాళ్ళు మనుషుల కిందికి రారట! మన మనుషుల్ని ‘మనుషులు కారు’ అని లెక్కగట్టిన శాస్త్రాల్ని తగలబెట్టిన ఉద్యమం మనది. ఆ లెక్క కాషాయం కట్టుకుని వచ్చినా మనం ఒప్పుకోలేం. శ్రీలంక యుద్ధంలో ఈ కథను ఎంత వాడుకున్నారో ఆ దేశాన్ని ఎరిగినవాళ్ళకు తెలుసు. ఆ లంకలోనే 1987 నుంచి 1990 వరకు మన శాంతి సేన ఉంది. సుమారు 1,200 మంది తిరిగి రాలేదు. 1987 నవంబరులో అక్కడ చనిపోయిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు పరమవీర చక్ర ఇచ్చారు. ఆయన తమిళుడు, పనిచేసింది మహర్ రెజిమెంటులో, ఎదురుగా ఉన్నది తమిళ పులులు. ఎవరు ఎవరితో ఎందుకు పోరాడారో ఆ రోజు అక్కడున్న జవాన్లకు ఎవరు చెప్పి ఉంటారు? ఆ యుద్ధం గురించి మన దేశం ఎక్కువగా మాట్లాడదు. మాట్లాడని యుద్ధాల నుంచి వచ్చినవాళ్ళకు పూలదండలు కూడా తక్కువే.

దుట్ఠగామణి కథకు ఎదురుగా అశోకుడి పదమూడో శిలాశాసనం పెట్టి చూడండి. కళింగంలో లక్ష మంది చచ్చారు, లక్షా యాభై వేల మంది చెరపట్టబడ్డారు అని గెలిచిన రాజే రాతి మీద లెక్క చెబుతాడు, దుఃఖపడుతున్నానంటాడు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఆ శాసనాలు ఉన్నాయి. కళింగంలోనే, ధౌలిలోనూ జౌగడలోనూ, ఆ పదమూడోదాన్ని మాత్రం చెక్కించలేదు. దెబ్బ తిన్నవాళ్ళ ముందు ఆ మాట ఎత్తడానికి అశోకుడికీ ముఖం చెల్లలేదేమో. అయినా అతను చచ్చినవాళ్ళను ఒకటిన్నరకు దించలేదు.

బాబాసాహెబ్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో ఈ చిక్కు తప్పించుకోలేదు. ఆ గ్రంథంలో సిద్ధార్థుడు ఇల్లు విడిచింది ముసలివాణ్ణీ శవాన్నీ చూసి కాదు. రోహిణీ నది నీళ్ళ కోసం కోలియుల మీద యుద్ధానికి పోదామని శాక్య సేనాపతి సంఘంలో ప్రతిపాదిస్తే, ఎదురు నిలిచినందుకు ఇల్లు విడవవలసి వచ్చింది. అంటే బుద్ధుడి జీవితానికే యుద్ధ వ్యతిరేకత మొదలు. అదే పుస్తకంలో అహింస గురించి చెబుతూ ఆయన చంపవలసిన అవసరానికీ చంపాలనే కోరికకూ తేడా చూపించాడు. అహింసను గుడ్డి నియమంగా కాక, విచక్షణతో పాటించే సూత్రంగా పెట్టాడు. దేశ రక్షణ సలహా సంఘంలో కూర్చుని మహర్ రెజిమెంటు కోసం వాదించిన మనిషీ, రోహిణీ కథను ముందుకు తెచ్చిన మనిషీ ఒక్కడే. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకుని రెండోది మరచిపోవడం మనకు వీలుగా ఉంటుంది, అంతే.

మా అభిప్రాయం ఇది. పాళీలో కృతజ్ఞుణ్ణి ‘కతఞ్ఞూ’ అంటారు. ఆ మాటకు అర్థం చేసినదాన్ని ఎరిగినవాడు అని. లోకంలో ఇద్దరు అరుదు, ముందుగా మేలు చేసేవాడూ, చేసిన మేలు ఎరిగి తిరిగి చేసేవాడూ అని అంగుత్తర నికాయం చెబుతుంది. చేసినది ఎరగడం అంటే మనకు నచ్చిన సగమే ఎరగడం కాదు. సైనికుడు మన కోసం ఏం భరించాడో ఎరగాలి, అతని చేత మనం ఏం చేయించామో కూడా ఎరగాలి. ఓటు వేసి, పన్ను కట్టి అతన్ని పంపింది మనమే. కర్మలో మన వాటా మనది. ‘నువ్వు వీరుడివి’ అని దండ వేసి పంపేస్తే ఆ రెండో సగం అతని ఒక్కడి నెత్తిన పడుతుంది. రాత్రిళ్ళు దాన్ని అతను ఒక్కడే మోయాలి. ‘నువ్వు పాపివి’ అని శీలం చెప్పినా జరిగేది అదే. రెండు మాటలూ మనల్ని తప్పించడానికే పనికొస్తాయి.

మరైతే కోరేగావ్ స్తంభానికి వందనం చేయవచ్చునా? చేయవచ్చు. ఆయుధం ముట్టనివ్వని మనుషులు ఆయుధం పట్టి నిలబడ్డారు, ఆ నిలబడడానికి వందనం. కుంఫణీ గెలుపుకు కాదు. మా మనసులో ఇంకో మాట ఉంది, కొందరికి నచ్చదు. ఆ రోజు అవతలి పక్కన చచ్చినవాళ్ళలో అరబ్బులు ఉన్నారు, మరాఠాలు ఉన్నారు, జీతానికి వచ్చిన పేదవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ స్తంభం మీదా లేవు. మనం పుణ్యానుమోదన చేసేటప్పుడు వాళ్ళను కూడా తలుచుకుంటే మన పూర్వీకుల గౌరవం తగ్గదు. పీష్వాల పాలనను మనం ఎంత గట్టిగా ఖండించినా, ఆ పాలన చేసినవాడూ, దాని కింద కూలికి పోరాడి చచ్చినవాడూ ఒకరు కారు.

ఇంతవరకు తర్కం. ఇప్పుడు మేము రోజూ చూసే సంగతి చెప్పాలి. తర్కం ఎక్కువై అర్జీ మూలపడడం మన సంఘాల్లో మామూలే.

తెలుగు నేల మీద మాజీ సైనికులు తక్కువేమీ కాదు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని ఊరి పేరులోనే సైన్యం ఉన్న ఊరు ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరు మనుషుల్ని పంపింది. అలాంటి ఊళ్ళో సైనికుడికి పదిమంది తోడు ఉంటారు. మాల మాదిగ పేటల నుంచి ఒక్కడే వెళ్ళి, ఒక్కడే తిరిగివచ్చిన హవల్దారుకు ఆ తోడు లేదు. పటాలంలో ‘సాబ్’ అనిపించుకున్నవాణ్ణి ఊరి బస్టాండులో పాత పేరుతో, పాత ‘ఒరే’తో పిలుస్తారు. ఊళ్ళో అతనికి దక్కే గౌరవంలో చాలావరకు క్యాంటీన్ సీసా గౌరవమే. నెల కోటా వచ్చిన రోజు నలుగురు చుట్టూ చేరతారు, అయిపోయాక ఎవరూ ఉండరు. ఐదో శీలం గురించి అతనికి చెప్పబోయే ముందు ఆ నలుగురి స్థానంలో మనం కూర్చోవాలి. ఒట్టి చేతులతో కూర్చోవాలి.

కాగితాల దగ్గరే అసలు కష్టం. తెలుగువాళ్ళ ఇంటిపేరు ముందు ఉంటుంది. రికార్డు ఆఫీసులో హిందీ గుమాస్తా దాన్ని వెనక రాస్తాడు, లేదా ఒక్క అక్షరానికి కుదిస్తాడు. ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది. భార్య పేరు పెళ్ళయ్యాక యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డరులో ఎక్కాలి. ఎక్కలేదని తెలిసేది అతను పోయిన తర్వాత, కుటుంబ పెన్షన్ కోసం ఆమె వెళ్ళినప్పుడు. మేము చూసిన ఒక కేసులో, రికార్డులో ఉన్న పేరూ తన పేరూ ఒకటేనని రుజువు చేసుకోవడానికి ఒక పెద్దావిడ రెండేళ్ళు తిరిగింది. రెండు పేర్లకీ తేడా ఒక్క ‘మ్మ’. ఆమె భర్త ఫొటోకు మాత్రం ఆగస్టు పదిహేనున ఊరి బడిలో దండ పడేది.

ఇప్పుడు పెన్షన్లు ‘స్పర్శ్’ అనే కంప్యూటరు వ్యవస్థలోకి మారాయి. ఏడాదికోసారి బతికున్నట్టు ధ్రువీకరణ ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. వేలిముద్రలు అరిగిపోయిన ముసలివాళ్ళకు, ఫోను వాడడం రాని వితంతువులకు ఇది ఏటేటా భయమే. పదో తరగతి చదివిన కుర్రవాడు అరగంట కూర్చుంటే తీరే పని. దీనికి త్యాగం అక్కర్లేదు, ఆదివారం వందన అయ్యాక విహారంలో ఒక బల్ల, ఒక ఫోను చాలు.

వైకల్య పెన్షన్ ఇంకో చిక్కు. సర్వీసులో జబ్బుపడి, తక్కువ గ్రేడుతో బయటికి వచ్చిన జవానుకు ‘ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల పెరిగిందీ కాదు’ అని వైద్య మండలి రాసేస్తే అక్కడితో అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అవదు. చేరేనాటికి ఆ జబ్బు ఉన్నట్టు రాసి లేకపోతే సర్వీసులో వచ్చిందనే అనుకోవాలి, కాదని చూపించాల్సింది ప్రభుత్వమే అని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో రామ్ అవతార్ కేసుతో శాతాన్ని పైకి సవరించే లాభం, పూర్తి సర్వీసు చేసి రిటైరైనవాళ్ళకూ దక్కింది. 2023లో కొత్త నియమాలు వచ్చాయి కాబట్టి బయటికి వచ్చిన తేదీ ముందు చూసుకోవాలి. సైనిక ట్రిబ్యునల్ చట్టం 2007లో వచ్చింది. మన రాష్ట్రాల వాళ్ళు చెన్నై బెంచి పరిధిలో ఉన్నారు. పెన్షన్ విషయంలో ఆలస్యమైందని హక్కు పోదు కానీ, 2008 నాటి తర్సేం సింగ్ తీర్పు ప్రకారం బకాయిలు సాధారణంగా మూడేళ్ళకే పరిమితం. పదేళ్ళు ఊరుకుంటే ఏడేళ్ళ డబ్బు పోయినట్టే. ఈ ఒక్క వాక్యం తెలియక పోగొట్టుకున్నవాళ్ళు మా లెక్కలోనే చాలామంది. వకీలు ఫీజుకు భయపడనక్కర్లేదు. న్యాయసేవల చట్టం పన్నెండో సెక్షను కింద షెడ్యూల్డు కులాలు, తెగల వారికీ, కులమేదైనా స్త్రీలకూ ఉచిత న్యాయసహాయం హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఒక అర్జీ ఇస్తే చాలు.

వితంతువుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. శౌర్య పతకంతో వచ్చే భత్యం భార్య మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోయేది, భర్త సోదరుణ్ణి చేసుకుంటే మాత్రం ఆగేది కాదు. ఆ షరతును 2017లో తీసేశారు. అంటే అప్పటివరకు ఈ దేశంలో వీరుడి భార్యకు ఇచ్చిన గౌరవం మనుస్మృతి గీసిన గీత దాటలేదు. జెండా కప్పిన పెట్టె ముందు సెల్యూట్ చేసిన ఎవరికీ ఆ షరతు కనబడలేదు.

మనసు జబ్బుల గురించి మన విహారాలు కొంచెం జాగ్రత్తగా ఉండాలి. నిద్రపట్టదు, చప్పుడైతే ఉలిక్కిపడతాడు, పిల్లల మీద అరుస్తాడు, తర్వాత తానే గదిలో కూర్చుంటాడు. పదిరోజుల మౌన శిబిరానికి పంపితే బాగుపడతాడని మనవాళ్ళు తొందరపడతారు. కళ్ళు మూసుకుని గంటలకొద్దీ కూర్చోవడం కొందరికి మందు, కొందరికి మళ్ళీ అదే కొండ మీదికి తిరిగి వెళ్ళడం. ముందు వైద్యుడు. టెలిమానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు. ధ్యానం తర్వాత, అదీ కళ్ళు తెరిచి నడుస్తూ చేసేది, పక్కన ఒక మనిషి ఉండగా. అతను ఎప్పుడైనా నోరు విప్పి అక్కడ జరిగినది చెబితే, యోధాజీవుడి ముందు భగవానుడు కూర్చున్నట్టు కూర్చోవాలి. దేశభక్తి గీతం అందుకోకూడదు, జాతక కథ చెప్పకూడదు.

ఇకముందు ఈ సమస్య పెరుగుతుంది. 2022 నుంచి అగ్నిపథ్ కింద చేరినవాళ్ళు నాలుగేళ్ళే ఉంటారు. నూటికి ఇరవై ఐదు మంది వరకే కొనసాగుతారు. మిగిలినవాళ్ళకు పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, సేవానిధి పేరుతో ఒక్కసారి ఇచ్చే మొత్తం ఉంటుంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రవాడు తుపాకీ పట్టడం నేర్చుకుని ఊరికి వస్తాడు. మాజీ సైనికుడనే హోదా కూడా లేకుండా వస్తాడు. యువకుల సైన్యం కావాలనే వాదంలో బలం ఉంది, మేము కాదనం. కానీ నాలుగేళ్ళు చేసిన పనిని ఎరిగే బాధ్యత పాతికేళ్ళు చేసినదానికంటే తక్కువని ధమ్మంలో ఎక్కడా లేదు. వీళ్ళ కోసం మన పేటల్లో ఇప్పటినుంచే ఎవరెవరు వెళ్ళారో పేర్లు రాసి పెట్టుకోవాలి. ప్రైవేటు కాపలా కంపెనీలవాళ్ళు, గొడవలకు మనుషుల్ని వెతికే రాజకీయ నాయకులు ఈపాటికే రాసుకుంటూ ఉంటారు.

డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, 1949 నుంచి ఉంది. ఆ రోజు డబ్బా పట్టుకుని వచ్చే పిల్లలకు పది రూపాయలు వేయడం మంచిదే. మా జిల్లాలో మాత్రం ఆ వారమంతా విహారం వరండాలో బల్ల వేస్తున్నాం. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఆర్డరు, ఆధార్, బ్యాంకు పుస్తకం, పెళ్ళి ధ్రువపత్రం ఉంటే తెచ్చుకోమని పేటల్లో చాటిస్తున్నాం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం గుర్తింపు కార్డు లేని వితంతువులవి ముందు చూస్తాం. కోరేగావ్ బస్సుకు పేర్లు ఇచ్చే కుర్రవాళ్ళు తలా రెండు ఇళ్ళ కాగితాలు చూసి వచ్చాకే టికెట్ రాస్తామని ఈసారి సంఘంలో తీర్మానం చేశాం. కొందరు గొణిగారు. ఇంతవరకు పదకొండు ఇళ్ళు పూర్తయ్యాయి, వాటిలో నాలుగింట్లో భార్య పేరు రికార్డులో లేదు.